కుక్కపిల్లకు గ్యారేజీ చాలదా అన్నవాడి కథ

బెంగుళూరు వచ్చిన ప్రతి తెలుగువాడూ ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటాడు. కొందరు రింగు రోడ్డు ట్రాఫిక్కులో ఇరుక్కుంటారు. కొందరు ఉద్యోగంలో ఇరుక్కుంటారు. నేను గ్యారేజీలో ఇరుక్కున్నాను. నన్నెవరూ లోపలికి తొయ్యలేదు. నా కాళ్ళతో నేనే నడిచి వెళ్ళి, నా చేతులతో నేనే షటరు దించుకుని, లోపలినుంచి విజయసూచకంగా ఒక దగ్గు కూడా దగ్గాను. ఆ దగ్గుతోనే నా పతనం మొదలైంది. చెబుతాను, వినండి. నవ్వు ఆపుకోనక్కర్లేదు. మా ఇంటా బయటా అందరూ నవ్వేశారు కాబట్టి మీరు కొత్తగా చేసే అపచారం ఏమీ ఉండదు.

అప్పటికి మా పెళ్ళయి ఏడాది దాటింది. మహదేవపురలో ఒక ఇంటి కింది భాగంలో అద్దెకుండేవాళ్ళం. పైన ఇంటి ఓనరు నంజుండప్పగారు. తాతల నాటినుంచీ బెంగుళూరులో పాతుకుపోయిన తెలుగువాళ్ళు. మాది ఏలూరు వైపు కావడం వల్ల ఆయన తెలుగులో సగమే నాకు అందేది. మా ఆవిడ రాధది హిందూపురం. ఆమెకు మొత్తం అందేది. వాళ్ళిద్దరూ మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే నేను పక్క రాష్ట్రం వాడిలా చూస్తూ ఉండేవాణ్ణి. నిజానికి పక్క రాష్ట్రం వాణ్ణే అనుకోండి.

ఆ ఇంట్లో చెప్పుకోదగ్గవి రెండు. ఒకటి, మేము కొత్తగా కొన్న సోఫా. మీగడ రంగు. ఆ సోఫాను నేను ఎంత జాగ్రత్తగా చూసుకునేవాణ్ణంటే, చుట్టాలొస్తే ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వాటిలో కూర్చోబెట్టి, సోఫాను చూపించేవాణ్ణి. రెండోది, ఇంటి ముందున్న గ్యారేజీ. మాకు కారు లేదు. నంజుండప్పగారికి ఒకప్పుడు ఉండేదట, అమ్మేశారు. ఇప్పుడక్కడ ఎండిపోయిన పెయింటు డబ్బాలూ, కాలు విరిగిన ఒక బల్లా ఉండేవి. దాని ఇనప షటరు ఎప్పుడూ సగానికి ఎత్తి ఉండేది. సగమే ఎందుకు అని నేనేనాడూ అడగలేదు. అడిగి ఉంటే మీకు ఈ కథ దక్కేది కాదు.

ఒక శుక్రవారం సాయంత్రం నేను ఆఫీసునుంచి వచ్చేసరికి రాధ ఒళ్ళో ఒక కుక్కపిల్ల ఉంది. నెయ్యి రాసిన బొబ్బట్టు రంగులో, బొబ్బట్టంత మెత్తగా ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"ఓళిగ," అంది రాధ.

మా వైపు బొబ్బట్టును వాళ్ళ వైపు ఓళిగ అంటారు. అంటే పేరు పెట్టడం కూడా అయిపోయింది. పేరు పెట్టాక ఇక ఏ ప్రాణినీ తిరిగి పంపలేమని పెళ్ళయిన మగాళ్ళందరికీ తెలుసు.

రోడ్డు మీద వదిలేసిన కుక్కపిల్లల్ని చేరదీసి ఇళ్ళకిచ్చేవాళ్ళు కొందరు రాధకు ఆఫీసు స్నేహితురాలి ద్వారా తెలిశారట. ఇప్పుడు పిల్లను ఉంచి వెళ్ళారు. ఆదివారం వాళ్ళలో ఒక అమ్మాయి వచ్చి ఇల్లు చూస్తుంది. అది ఉండటానికి తగిన ఇల్లే అనిపిస్తే మనకిచ్చేస్తుంది. లేకపోతే తీసుకుపోతుంది.

"మన పెళ్ళికి ముందు మీ నాన్న కూడా మా ఇంటిని ఇంత శ్రద్ధగా చూడలేదే!" అన్నాను.

"అప్పుడు చూసుంటే బాగుండు," అంది రాధ, కుక్కపిల్ల చెవి నిమురుతూ.

ఇంతలో అది ఆమె ఒళ్ళోనుంచి దూకి, గది మధ్యలో ఒక చిన్న చెరువు చేసి, నా మీగడ రంగు సోఫా వైపు నడిచింది. నేను జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ కదల్లేదు. దాన్ని గాల్లోనే అందుకుని ప్రకటించాను. "ఇది గ్యారేజీలో ఉంటుంది."

"గ్యారేజీలోనా? పసిబిడ్డండీ అది!"

"గ్యారేజీకేం? నేల చల్లగా ఉంటుంది. బోలెడంత చోటు. తొక్కడానికి కార్లు కూడా లేవు. అసలు బెంగుళూరులో గ్యారేజీ అంటే మా ఊళ్ళో ఏసీ గదితో సమానం."

ఆ రాత్రి భోజనాలయ్యాక నా వాదనకు బలం చేకూర్చుకుందామని ఇంటర్నెట్టులో వెతికాను. కుక్కపిల్లను గ్యారేజీలో ఉంచవచ్చా? ఉంచకూడదు అని మొదటివాడు రాశాడు. ఉంచనే ఉంచకూడదు అని రెండోవాడు. మూడోది ఒక డాక్టరమ్మ, ఆవిడ నన్నే తిడుతున్నట్టు రాసింది. నేను పట్టు వదలకుండా కిందికి, ఇంకా కిందికి వెళ్ళాను. మనుషులు సాధారణంగా వెళ్ళని లోతులకు వెళ్ళాను. అక్కడెవరో పుణ్యాత్ముడు "గ్యారేజీని బట్టి ఉంటుంది" అని రాశాడు. వెంటనే ల్యాప్‌టాప్ మూసేసి రాధను పిలిచి, "చూశావా, శాస్త్రజ్ఞులు కూడా ఒప్పుకున్నారు," అన్నాను. ఆ శాస్త్రజ్ఞుడు అమ్మకానికి పెట్టిన గ్యారేజీ ఫోటో కూడా కిందే ఉంది. అది చూపించలేదు.

ఓళిగను పాత దుప్పటితో, నీళ్ళ గిన్నెతో గ్యారేజీలో పెట్టి, సగం షటరు కింద ఒక అట్టపెట్టె అడ్డం పెట్టాం. రాధ నాతో మాట్లాడటం మానేసింది. ఓళిగ మాత్రం రెండు రాత్రులూ ఎడతెరిపి లేకుండా మాట్లాడింది.

ఆదివారం పొద్దున్నే నంజుండప్పగారు మెట్లు దిగి వచ్చారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏమప్పా, కుక్కపిల్లను గ్యారేజీలో ఏసినావంట? పైన మాకు నిద్ర ల్యా."

"అలవాటవుతుందంకుల్."

"దానికా, మాకా?"

"ఇద్దరికీ."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. తర్వాత రాధతో, "మీ ఇంటాయన చదువుకున్నోడేనా, అమ్మీ?" అని అడిగారు.

"సర్టిఫికెట్లు ఉండాయి," అంది రాధ.

ఆమె నా వైపు తిరిగింది. రెండు రోజుల మౌనం తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాటలు ఇవి. "ఆ అమ్మాయి పన్నెండు గంటలకొస్తుంది. గ్యారేజీలో పెట్టామంటే పిల్లను ఎత్తుకుపోతుంది."

"నేను మాట్లాడతాను. ఒప్పిస్తాను."

"ఏమని? బాగుంటుందనా? అంత బాగుంటే మీరు కూర్చోండి లోపల. ఆ అమ్మాయి వచ్చేదాకా. షటరు మూసుకుని."

పౌరుషం అనేది ఒక జబ్బు. దాని మొదటి లక్షణం, ఎదుటివాళ్ళు మాట ముగించకముందే "సరే" అనెయ్యడం.

"సరే," అన్నాను.

"ఫోను ఇవ్వండి."

"ఫోనెందుకు?"

"ఓళిగకు ఫోనుందా?"

న్యాయమే. ఫోను ఇచ్చేశాను. ఓళిగను చంకన పెట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ, అట్టపెట్టెను పక్కకు తన్ని లోపలికి వెళ్ళి, షటరు అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాను. రెండు రాత్రులూ సగంలో ఆపిన షటరు, నా పౌరుషానికి జడిసి మొత్తం దిగింది. దిగేటప్పుడు ఒక పక్కన 'కటక్' మని చప్పుడైంది. ఆ కటక్‌ను నేను పట్టించుకోలేదు. విజయసూచకంగా దగ్గాను. ఆ సంగతి ముందే చెప్పాను కదా.

మొదట్లో బాగానే ఉంది. నిజంగా బాగుంది. పైనెక్కడో సాలెగూళ్ళతో ఒక చిన్న వెంటిలేటరు, అందులోంచి దారమంత వెలుతురు. నేల చల్లగానే ఉంది. నేను కాలు విరిగిన బల్లకు వీపు ఆనించి కూర్చున్నాను. ఓళిగ నా చెప్పును ఎత్తుకెళ్ళి మూలన కూర్చుంది. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటారు పెద్దలు. ఇక్కడ కాటు పడిందే చెప్పుకు. పోనిమ్మన్నాను. గెలవబోయేవాడికి చెప్పు ఒక లెక్కా?

ఎండ ఎక్కడం మొదలైంది. మా షటరు తూర్పు ముఖం. అది ఇనుము. ఇనుమూ సూర్యుడూ కలిస్తే ఏమవుతుందో దోసెలు వేసేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కాసేపటికి నేను పెనం మీద కాదుగానీ, పెనం పక్కన కూర్చున్నట్టు అయింది. పెయింటు డబ్బాలు నిద్రలేచి వాసన కొట్టసాగాయి. దోమలు నన్ను పరిచయం చేసుకున్నాయి.

బయట స్కూటరు చప్పుడైతే చాలు, ఓళిగ వచ్చి నా కాళ్ళ సందున దూరేది. పక్కింట్లో కుక్కరు కూత పెడితే ఒళ్ళంతా వణికేది. గ్యారేజీలో ప్రతి చప్పుడూ నాలుగు గోడలకూ తగిలి, నాలుగు చప్పుళ్ళై దాని మీద పడుతోంది. రెండు రాత్రులు ఇది ఒక్కతే ఇందులో ఎలా గడిపిందో మొదటిసారి ఆలోచించాను. ఆలోచించడానికి అంతవరకు నాకు తీరిక దొరకలేదు. అది నా బొటనవేలు నాకింది. నా గుండె ఎక్కడో కొంచెం కరిగింది. కానీ పందెం పందెమే కాబట్టి, మనం కాస్త గాలి వచ్చేలా జానెడు ఎత్తుదాం అనుకుని షటరు పట్టుకుని లేపాను.

లేవలేదు.

మళ్ళీ లేపాను. భుజం పెట్టి లేపాను. కిందినుంచి కాలు పెట్టి తన్నాను, చెప్పులేని కాలితో. దాని ఫలితం కాలికే తెలిసింది.

"రాధా!" అని పిలిచాను.

జవాబుగా పేపరు మడతపెట్టిన చప్పుడు వినిపించింది. "ఆయమ్మ లేదప్పా. ఎవురో వస్తారంట, రోడ్డుకాడికి పిల్చకరాను పోయినాది." నంజుండప్పగారు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారన్నమాట.

మా లేఅవుట్లో ఏ క్రాసు రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఫోనులోని మ్యాపుకు కూడా తెలియదు. కొత్తవాళ్ళను పెద్ద రోడ్డు దాకా వెళ్ళి తెచ్చుకోవాల్సిందే.

"అంకుల్, కాస్త షటరు ఎత్తుతారా?"

"లేదప్పా."

"లేదా?"

"మీ ఇంటామె చెప్పి పోయినాది. ఆయప్ప ఎంత అరిచినా, 'ఓడిపోయినాను' అనేదాకా తియ్యొద్దండి, అని."

"నేను ఓడిపోలేదంకుల్. షటరు ఇరుక్కుంది."

"అట్ల చెప్తాడని కూడా చెప్పినాది."

చూశారా? నా భార్య నా ప్రతి ఎత్తునూ ముందే ఊహించింది. ఊహించనిదల్లా నేను నిజం చెబుతానని. అది ఆమె తప్పు కాదు.

"నిజంగా ఇరుక్కుందంకుల్! లోపల పొయ్యిలా ఉంది!"

"ఉంటాది కదప్పా," అన్నారాయన నింపాదిగా. "నేను కారును ఎప్పుడన్నా ఆడ పెడ్తే కదా! సెకకు పెయింటు లేచిపోతాదని మావిడి చెట్టు కింద పెడ్తాంటి."

"ఈ మాట మొన్నే చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగితివా?"

అడగలేదు. నేను అడిగింది ఇంటర్నెట్టును. అదీ నాకు నచ్చిన జవాబు చెప్పేదాకా అడిగాను.

అంతలో గేటు చప్పుడైంది. రాధ గొంతూ, దానితోపాటు ఇంకో ఆడపిల్ల గొంతూ వినిపించాయి. వచ్చేశారు. ఇక్కడే మీరు నా పరిస్థితి సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఇప్పుడు "నన్ను బయటికి తియ్యండి" అని అరిస్తే, ఆ పిల్ల 'మనిషే ఉండలేని చోట కుక్కపిల్లను పెట్టారా' అని ఓళిగను తీసుకుపోతుంది. అరవకపోతే నేను ఉడికిపోతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నాకు ముందు షటరు, వెనక గోడ. రెండు రోజుల క్రితమైతే తీసుకుపోతే పోనీ అనుకునేవాణ్ణేమో. ఇప్పుడది నా కాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది.

కాబట్టి గొంతు సవరించుకుని, డ్రాయింగు రూములో కూర్చున్న మనిషిలా పలికాను. "రండి రండి, నమస్కారమండీ!"

బయట అడుగులు ఆగాయి.

"ఎవరు మాట్లాడుతున్నారు?" అంది ఆ అమ్మాయి. పేరు శ్రావ్య. హైదరాబాదు పిల్ల.

"మా ఆయన," అంది రాధ. ఆ రెండు మాటల్ని అంత నీరసంగా ఏ భార్యా పలికి ఉండదు.

"సర్ లోపల ఏం చేస్తున్నారు?"

"కుక్కపిల్లతో అనుబంధం పెంచుకుంటున్నానండీ," అన్నాను షటరు వెనకనుంచి.

"షటర్ క్లోజ్ చేసుకునా?"

"కొంచెం ఏకాంతం కావాలి కదండీ."

"సర్, పప్పీ ఎక్కడ పడుకుంటుంది? ఇక్కడేనా?"

"పడుకోవచ్చు. పడుకోవాలని నిబంధన లేదు. దాని ఇష్టం."

"వెంటిలేషన్ ఎలా ఉంది?"

చెమట నా ముక్కు చివరనుంచి ఓళిగ నెత్తిన పడింది. "దివ్యంగా ఉందండీ. చల్లగాలి."

"చల్లగాలి ఎక్కడినుంచి సర్?"

వెంటిలేటరు వైపు చూశాను. అక్కడ సాలీడు కూడా లేదు. వేరే చోటు చూసుకున్నట్టుంది. "అన్ని వైపులనుంచీ," అన్నాను.

"ఓకే సర్. ఒకసారి షటర్ ఓపెన్ చేయండి, నేను చూడాలి."

"తప్పకుండా," అన్నాను. వెంటనే మాట మార్చాను. "మీరు ముందు ఇల్లు చూసి రండి. మా ఇంట్లో సోఫా ఉంది."

"ఆయన ఎందుకు తియ్యట్లేదు అక్కా?" అని శ్రావ్య అడగడం వినిపించింది.

"పౌరుషం," అంది రాధ.

నేను ఇంకో అబద్ధానికి నోరు తెరవబోయాను. అప్పుడే ఓళిగ వైపు చూశాను. అంతవరకు నా కాలి మీద ఉన్న తల పక్కకు వాలిపోయింది. నాలుక బయటికి వేలాడుతోంది. డొక్కలు టకటకా ఎగురుతున్నాయి. నీళ్ళ గిన్నె చూశాను. ఎప్పుడో దొర్లిపోయింది. "ఓళిగా," అన్నాను. తోక కదల్లేదు. చొక్కా విప్పేసి దానికి విసరడం మొదలుపెట్టాను. కళ్ళు సగం మూసింది.

నా పౌరుషం, శాస్త్రజ్ఞుడు, సోఫా, పందెం, అన్నీ ఒక్కసారిగా గుర్తు లేకుండా పోయాయి. షటరును రెండు చేతులతో బాదాను.

"రాధా! షటరు ఇరుక్కుపోయింది! దీనికి ఊపిరాడటం లేదు! నేనన్నవన్నీ అబద్ధాలే! ఇందులో గాలి లేదు, నీళ్ళు లేవు, ఇది కుక్కలుండే చోటు కాదు, మనుషులుండే చోటు కాదు, కార్లుండే చోటు కూడా కాదు! తియ్యండి!"

నంజుండప్పగారు షటరు దగ్గరికొచ్చి, రికార్డు చేసుకుంటున్నంత శ్రద్ధగా అడిగారు. "అయితే ఓడిపోయినావా?"

"ఓడిపోయానంకుల్!"

"అట్ల చెప్పు మరి," అని ఆయన లాగారు. రాధ లాగింది. శ్రావ్య లాగింది. కదల్లేదు. "అయ్యో, నిజంగానే ఇరుక్కోనుండాదే!" అన్నారాయన, జీవితంలో మొదటిసారి నన్ను నమ్మినవారిలా. పరుగున పోయి గడ్డపార తెచ్చారు. ముగ్గురూ కలిసి అడుగున గడ్డపార దూర్చి తొక్కితే, షటరు ఒక పక్కన నా అరచెయ్యి పట్టేంత లేచింది. లేచి, అక్కడే మళ్ళీ బిగుసుకుంది.

ఆ సందులోంచి రాధ చేతులు వచ్చాయి. గాజులు నేలకు రాసుకున్నాయి. నేను ఓళిగను నా చొక్కాలో చుట్టి, ఆ చేతుల్లోకి పెట్టాను. నిజానికి అది బొబ్బట్టులాగే చదునుగా జారి వెళ్ళిపోయింది.

"నీళ్ళు, నీళ్ళు!"

"తడిగుడ్డ తే అక్కా, పొట్ట కింద పెట్టాలి!"

"ఫ్యాను కిందికి పాండి, ఫ్యాను కిందికి!"

ముగ్గురి అడుగుల చప్పుడూ ఇంట్లోకి వెళ్ళిపోయింది. తలుపు పడింది. సందుకు చెవి పెట్టి చాలాసేపు విన్నాను. ఇంటి ముందు ఎవరూ లేరు. నేను బనీనుతో, ఒక చెప్పుతో, గ్యారేజీలో ఉన్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను గ్యారేజీలో ఓడాను, ఇంట్లోవాళ్ళు నన్ను మరిచేపోయారు.

చాలాసేపటికి సందు దగ్గర పాదాలు కనిపించాయి. రాధవి.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"నీళ్ళు తాగింది. లేచి తిరిగింది. బాగుంది."

నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. "ఇప్పుడెక్కడుంది?"

"సోఫా మీద."

"ఏ సోఫా?"

"మనకెన్ని ఉన్నాయి?"

నేను కొంచెం ఆలోచించాను. "దిండు పెట్టావా దానికి?" అన్నాను.

షటరు అవతల ఆమె నవ్వింది. రెండు రోజుల తర్వాత విన్న ఆ నవ్వు, అన్ని వైపులనుంచీ చల్లగాలిలా వచ్చింది. ఈసారి అబద్ధం కాదు.

"ఆ అమ్మాయి ఏమంది?" అని అడిగాను భయంగా.

శ్రావ్య పాదాలు కూడా వచ్చి నిలబడ్డాయి. "సర్, నిజం చెప్పాలంటే మొదట రిజెక్ట్ చేద్దామనుకున్నా. కానీ గ్యారేజ్ ఎందుకు మంచిది కాదో నేను చాలా ఇళ్ళల్లో గంటలు గంటలు చెప్తా. ఎవరూ వినరు. లోపల కూర్చుని తెలుసుకున్నవాళ్ళు మీరొక్కరే. పప్పీని ఇచ్చేస్తున్నాం. ఇంట్లోనే ఉండాలి, అంతే."

"ఉంటుందండీ. నేను ఎప్పుడు బయటికొస్తానో చెప్పగలరా?"

షటర్లు బాగుచేసే మునిరాజు దొడ్డబళ్ళాపురంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాడట. నంజుండప్పగారు ఫోను చేస్తున్నారట. అంతలో భోజనాల వేళయింది. మా ఆవిడ చేసిన వంటల్లో ఆ సందులో పట్టినవి చపాతీలు మాత్రమే. పప్పు గిన్నె పట్టలేదు. కాబట్టి పప్పును చపాతీ మీద పలచగా పూసి, కాగితం మీద పెట్టి, తపాలా పెట్టెలో ఉత్తరం వేసినట్టు లోపలికి తోశారు. మజ్జిగ కావాలన్నాను. ఎలా ఇవ్వాలో ముగ్గురూ చర్చించి, వీలుకాదని తేల్చారు.

మునిరాజు అనుకున్నదానికంటే చాలా ముందే వచ్చాడు. వీధి చివరినుంచే బైకు రయ్యిమని వచ్చి గేటు ముందు ఆగింది. పరుగెత్తుకొస్తున్న అడుగులు వినిపించాయి. పెళ్ళి విందు మధ్యలో వదిలి, అంత దూరంనుంచి, అంత ఆత్రంగా నాకోసం ఒక మనిషి వస్తున్నాడు. నా కళ్ళు చెమర్చాయి. బెంగుళూరులో మానవత్వం లేదని ఎవరన్నారు?

షటరు మీద మెల్లగా తట్టాడు. అమ్మ బిడ్డను జోకొట్టినట్టు తట్టాడు.

"బంగారూ," అన్నాడు. "భయపడొద్దు కందా. మామ వచ్చేసినాడు. సుమ్నే, కదలకుండా పండుకో. ఇప్పుడు తీసేస్తా, ఆఁ?"

నన్ను మా అమ్మ కూడా ఇంత ముద్దుగా ఎప్పుడూ పిలవలేదు. "సరేనండీ," అన్నాను.

బయట సుత్తి కిందపడిన చప్పుడైంది.

"సార్!" అని అరిచాడు మునిరాజు. "సార్, లోపల ఎవురో మనిషి ఉండాడు సార్!"

"ఉండాడప్పా, ఉండాడు," అన్నారు నంజుండప్పగారు. "మా బాడిగాయన."

"కుక్కపిల్ల ఇరుక్కుంది, ప్రాణం మీదికొచ్చింది అంటిరే?"

"అది ఎప్పుడో బయటికొచ్చేసింది."

"మరి మనిషి అని చెప్పకూడదా సార్! పెండ్లి ఊట సగం తిని ఇడిసిపెట్టి, ఆకు మీద ఓళిగ ఇడిసిపెట్టి వచ్చినా!"

"మనిషి అని మొదట చెప్తి కదప్పా," అన్నారు నంజుండప్పగారు శాంతంగా. "అప్పుడు నువ్వు ఏమంటివి? రేపు చూస్తాం సార్, అంటివి. ఫోను పెట్టేస్తివి. అందుకని మళ్ళీ చేసి కుక్కపిల్ల అంటి."

అందులో తప్పేమీ మునిరాజుకు కనబడినట్టు లేదు. నాకూ, నిజం చెప్పాలంటే, కనబడలేదు. అతను, సగం దాటి దించితే గాడి తప్పే ఆ పట్టాను రెండు దెబ్బలు కొట్టి షటరు ఎత్తాడు. బనీనుతో వెలుగులో నిలబడ్డ నన్ను కిందినుంచి పైదాకా చూసి, పెళ్ళి విందు నష్టం మొత్తం నా మొహంలో లెక్కేసుకుని, పనిముట్లు సర్దుకుని, నాతో మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్ళాడు. కుక్కపిల్లను చూసి రావడానికి.

ఆ రోజు ఎండ సాక్షిగా, దోమల సాక్షిగా, సగం మిగిలిన నా చెప్పు సాక్షిగా నేనొక శపథం చేశాను. ఏ ప్రాణికి ఏ చోటు చాలుతుందన్న విషయంలో ఇక జన్మలో నోరెత్తను. ఎత్తక తప్పకపోతే, షటరుకు బయటి వైపు నిలబడి ఎత్తుతాను. ఒకవేళ విధి వక్రించి మళ్ళీ ఎక్కడైనా ఇరుక్కున్నానే అనుకోండి, సాయం కోసం ముందు మొరుగుతాను. మనిషినన్న సంగతి తలుపు తెరిచాక చెబుతాను.